ఇంజినుకు పోసిన బిందె నీళ్లు

ఈ రోజు అంగట్లో జనరేటరు ప్లగ్గు విప్పి, మసి పోయేదాకా గరుకు కాగితంతో రుద్దినాను. చేతులకు ఇంకా పెట్రోలు వాసన పోలేదు. మన ఈడు వాళ్లకు గుర్తుందా, బావుల దగ్గర తాడు చుట్టి లాగే నీళ్ల ఇంజిన్లు?

మాకూ ఒకటి ఉండేది. బావి ఎండిపోయినా నాయన దాన్ని వదల్లేదు. ఆయిలు మార్చేవాడు, లోపల బిగుసుకుని పట్టేయకుండా వారానికోసారి కాసేపు నడిపేవాడు. పంపులో నీళ్లు పోయకుండా నడిపితే కాలిపోతుంది. అందుకని అమ్మ ఉరవకొండ రోడ్డు బోరింగు నుంచి మోసుకొచ్చిన బిందెను ఎత్తుకుపోయేవాడు.

ఒకరోజు అమ్మ అడ్డం నిలబడింది.

“పిల్లోళ్లకు తాగేకి లేవు, నీ ఇనుముకు పోస్తావా?”

“వాన పడితే ఈ ఇంజినే కదే మనకు దిక్కు!”

“పడినప్పుడు సూద్దాం. బిందె ముట్టుకుంటే సూడు.”

ఆ రోజుతో నాయన ఇంజిను నడపడం మానేసినాడు.

మరుసటి ఏడు వాన పడింది. బావిలో నీళ్లూరినాయి. ఆ తర్వాత మబ్బు మొహం చాటేసింది. ఊడలు దిగే శనక్కాయకు ఒక్క తడి కావాలి. నాయన తాడు చుట్టి లాగినాడు. ఇంజిను పట్టేసింది. విప్పించి బాగు చేయించే లోపల, బావిలో నీళ్లుండగానే చేను ఎండిపోయింది.

ఆ తర్వాత అమ్మా నాయనా ఎప్పుడూ ఆ బావి దగ్గరికి కలిసి పోలేదు.