ఆయ్ అన్నందుకు

మా కోనసీమలో ‘ఆయ్’ అంటే అవునని మాత్రమే కాదు. వింటున్నానండి, పెద్దవారు మీరు చెప్పండి అని కూడా. కొత్తగా బడిలో చేరిన పిల్లలకి నేను మొదట నేర్పేది అదే. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడకండి, ఆయ్ అనండి అని విసుక్కునేదాన్ని. నాకసలే నోరెక్కువ.

ఆ పిల్ల చక్కగా నేర్చుకుంది. ఏడో తరగతి. ఆలమూరు నుంచి కొత్తపేటలోని మా బడికి బస్సులో వచ్చేది. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. పిల్ల ఉండేది అమ్మమ్మ దగ్గర. ఒకరోజు పొద్దున్నే పక్కింటాయన సంచి ఒకటి చేతికిచ్చాడు. కొబ్బరి లౌజుందని, కొత్తపేట బస్టాండులో తన మనిషి వచ్చి తీసుకుంటాడని చెప్పాడట. ఆయ్ అని పట్టుకొచ్చింది. ఆ మనిషి రాలేదు, పోలీసులు వచ్చారు. లౌజు కింద గంజాయి పొట్లాలున్నాయి.

యూనిఫాం చూసి బడికి ఫోన్ చేశారు. క్లాస్ టీచర్ని కాబట్టి నేనే వెళ్లాను. ఇన్‌స్పెక్టరు ఈ వైపు మనిషి కాదు, బదిలీ మీద కొత్తగా వచ్చాడు. దుర్మార్గుడేం కాదు. పిల్లకి మంచినీళ్లు తెప్పించి, మెల్లగానే అడిగాడు.

“ఇందులో ఏముందో నీకు తెలుసు కదా?”

“ఆయ్.”

“అంటే తెలిసే తెచ్చావు.”

“ఆయ్.”

నేను పక్కనే కూర్చున్నాను. నా చెవికి తప్పేమీ తోచలేదు. పెద్దాయన మాట్లాడుతున్నాడు, పిల్ల మర్యాదగా వింటోంది, అంతే. నా శిక్షణేనని లోపల కాస్త గర్వం కూడా. సంతకం పెట్టమన్న చోట పెట్టేశాను. పరీక్ష పేపర్లు రెండుసార్లు దిద్దేదాన్ని, ఆ కాగితం ఒక్కసారీ చదవలేదు.

మొదట అమ్మమ్మతో ఇంటికి పంపారు. వారం తర్వాత బాలల బోర్డు ముందుకి రమ్మన్నారు. ఈలోగా పిల్ల తరఫు లాయరుగారు ఆ కాగితం నా ముందు పెట్టారు. తెలిసే తెచ్చానని టీచరు సమక్షంలో ఒప్పుకుందట.

“పోలీసుల దగ్గర ఒప్పుకున్నది నిలవదులెండి. మేజిస్ట్రేటు గారి ముందు కూడా ఇదే మాట అందంటే మాత్రం ఇంటికి పంపరండి, హోముకి పంపేస్తారు,” అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద చూపించాలో తెలియక పిల్ల మీదే చూపించాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంకోసారి ఆయ్ అన్నావంటే ఊరుకోను, ఏమడిగినా లేదండి అను అన్నాను. ఆయ్ మేడమ్ గారండీ అంది. మళ్లీ తిట్టాను. సాయంత్రానికి లేదండి అనడం వచ్చేసింది. చెప్పింది చేసే పిల్ల.

బోర్డులో మేజిస్ట్రేటు గారు పిల్లని దగ్గరకి పిలిచారు.

“తెలిసే తెచ్చావామ్మా?”

“లేదండి.”

నాకు ప్రాణం లేచొచ్చింది.

“మరి పక్కింటాయన ఇచ్చాడా?”

“లేదండి.”

“ఎవరైనా బెదిరించారా?”

“లేదండి.”

నేను లేచి నిలబడ్డాను. కూర్చోమన్నారు. లాయరుగారు ఏదో అనబోయారు. పిల్లనే చెప్పనివ్వండి అన్నారు మేజిస్ట్రేటు గారు. ఇంకేం చెబుతుంది? ఎవరినో దాస్తోంది, ఇంటికి పంపితే మళ్లీ వాళ్ల చేతుల్లోనే పడుతుంది అని హోముకి రాశారు. నేనైనా అలాగే రాసేదాన్నేమో. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, మీరు చెప్పినట్టే అంది కదండీ అని ఏడ్చింది. పక్కింటాయన మర్నాడు బస్సులో కనబడి నాకు నమస్కారం పెట్టాడు.

నెల తర్వాత హోముకి వెళ్లాను. జుట్టు కురచగా కత్తిరించారు. నిద్ర పడుతోందా అంటే లేదండి అంది. అన్నం తిన్నావా అంటే లేదండి అంది. వేళ్లకి ఇంకా మెతుకులు అంటుకునే ఉన్నాయి.

“నా మీద కోపమా అమ్మా?” అన్నాను.

“లేదండి.”