తవాంగ్‌లో రాగి ముద్ద

మారికుప్పం నుంచి బెంగళూరుకు పోయే పొద్దుటి రైలులో నేను ఏళ్ల తరబడి తవాంగ్ కథలు చెప్పాను. చైనా సరిహద్దు దగ్గర, మబ్బులకు పైన ఉన్న ఆ సీమకు వయసులో ఉండగా ఒక్కణ్నే పోయి వచ్చాననీ, అక్కడి వాళ్లు అచ్చం మన రాగి ముద్దే వండి పెట్టారనీ చెప్పేవాణ్ని. నిజానికి అప్పటికి నేను ఎక్కిన పెద్ద కొండ కోలారు పక్కనున్న అంతరగంగ. ముద్ద సంగతేమో, ఆకలేసిన ఒక పొద్దున బంగారుపేట వచ్చేలోగా అల్లింది.

ఈ కథ మా అక్క మొగుడి చెవిన పడింది. బావ మా ఊరి బంగారు గని మూసేదాకా కార్మికులను భూమిలోకి దించే బోనుకు ఇంజను నడిపినవాడు. బోను అడుగుకు చేరిందని గంట మోగితే తప్ప నమ్మని మనిషి. ఆయన అబద్ధమాడగా విన్నవాళ్లు మా వీధిలో లేరు.

"మనుషుల్ని కిందికి దించి దించి సాలైపోయిందప్పా. ఒకసారి పైకి పోదాం. దోవ నీకు తెలిసిందే గదా," అని రెండు టికెట్లు తెచ్చాడు.

ఈ సంగతి విని పొద్దుటి రైల్లో నా ఎదురు సీటు పాల డైరీ ఉద్యోగి సంబరపడ్డాడు. "మీ బావ వచ్చి అవునంటే నమ్ముతాము. కాదంటే ఇంగ నువ్వు నోరు తెరవద్దు. పేపరు చదువుకో." బెంగళూరు దాకా పేపరు చదువుకుంటూ పోవడం కంటే పెద్ద శిక్ష నాకు లేదు.

గువాహటి దాకా రైలు, అక్కణ్నుంచి రెండు రోజులు జీపు. "మంచులో నడిచినానంటివే, ఆ కనుమ యాడ?" అన్నాడు బావ. సరిగ్గా అప్పుడే జీపు కొత్త సొరంగంలోకి దూరింది.

"కొండ చూపిస్తానని మళ్లీ గనిలోకే తెచ్చినావు," అన్నాడు గోడలు పరీక్షగా చూస్తూ.

"నేను వచ్చినప్పుడు ఇది లేదు బావా," అన్నాను. ఆ ముక్క మాత్రం తప్పని ఎవరూ తేల్చలేరు.

నా కథలో నేను దాటిన వేలాడే వంతెన కనపడలేదు. రోడ్డు వెడల్పు చేసినారన్నాను. కిటికీలోంచి చెయ్యి చాపి మబ్బు తుంచుకున్న చోటూ కనపడలేదు. దానికీ రోడ్డే.

"పాపం, రోడ్డోళ్లు నీ కథ వెంటే పడినట్టుండారే," అన్నాడు బావ.

తవాంగ్ దాటాక ఒక పల్లెలో, మాకు గది ఇచ్చిన ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. ఇంటి ముసలమ్మ మరుగుతున్న నీళ్లలో పిండి పోసి, కట్టెతో గట్టిగా కెలికి, ఆవిర్లు కక్కుతున్న ముద్దలు మా ముందు పెట్టింది. పక్కన చీజు కరిగించిన కారం పులుసు. వాసన చూశాను. రాగులు.

నేను నోరు వెళ్లబెట్టి ఆ ముద్దనే చూస్తూ ఉండిపోయాను. బావ ముద్దను చూడలేదు. నన్ను చూశాడు.

"ముందే తిన్నోడు ఇట్ల చూడడప్పా," అన్నాడు మెల్లగా.

ఇన్నేళ్లూ అబద్ధంతో దొరకనివాణ్ని, అది నిజమై కూర్చునేసరికి దొరికిపోయాను.

బావ మన పద్ధతిలో ముద్ద తుంచి, పులుసులో ముంచి, నమలకుండా గుటుక్కున మింగాడు. గొంతుకు అడ్డం పడిందనుకుని ముసలమ్మ కంగారుగా వచ్చి వీపు మీద ఒకటి గుద్దింది. ఆయన చేత్తో వద్దంటూనే ఇంకొకటి మింగాడు. ఆమె ఇంకొకటి గుద్దింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఇదే వరస. నేను మాత్రం బుద్ధిగా నమిలి తిన్నాను.

తిరుగు ప్రయాణంలో పేపరు చదవడం అలవాటు చేసుకోసాగాను.

వచ్చాక మొదటి సోమవారం బావ నాతోపాటు పొద్దుటి రైలెక్కాడు. డైరీ ఆయన కాచుకుని ఉన్నాడు. "పెద్దాయనా, ఈయన ముందు ఆడికి పోయినాడా లేదా?"

బావ కిటికీలోంచి గని మట్టి దిబ్బల వైపు చూశాడు.

"రాగి ముద్ద ఉండాది. నేనే తిన్నాను."

"అది సరే. ఈయన పోయినాడా?"

"పోకుండా ఎట్ల? ముసలామె చూస్తూనే గుర్తుపట్టింది. 'ఏమప్పా, ఇంత చిక్కిపోయినావు' అనింది."

"ఏ భాషలో?"

నేను కళ్లు మూసుకున్నాను.

"తెలుగులోనే," అన్నాడు బావ.

అలవాటు లేని మనిషి అబద్ధమాడితే ఇంతే. పెట్టె మొత్తం గొల్లుమని నవ్వింది. డైరీ ఆయన నా చేతిలో పేపరు లాక్కుని, మడిచి తన కింద వేసుకు కూర్చున్నాడు. "ఈయన కంటే నువ్వే మేలప్పా. చెప్పు, మబ్బు తుంచింది యాడ?"

నేను నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు. "ఆ చోటు ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు చేసినారు."