గొట్టం మూతిలో బంతిపువ్వు

తొమ్మిదేళ్లుగా ఒక బంతిపువ్వు బరువు మోస్తున్నాను. నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు, నాకే అప్పుడప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ పువ్వు సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ ఈ మాటలు బయటికి రావు. యాంగోన్ ఊరి చివర ఒక చిన్న షూటింగ్ క్లబ్బు ఉంది. అందులో తుపాకుల గదికి కాపలా నేనే, గుమాస్తా నేనే, నూనె రాసేవాణ్ణీ నేనే. మొన్న మా సెక్రటరీ ఊ టిన్ పిలిచి, కొత్తగా పాయింట్ టూ టూ రైఫిలు చేతికొచ్చినవాళ్ల కోసం ఒక పేజీ సలహాలు రాసివ్వమన్నాడు. గోడకి అంటిస్తాడట. బర్మీస్‌లో రాయాలి. తాకేటాలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. మూడు సలహాలు చకచకా వచ్చాయి. నాలుగోది రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఆ కాగితం పక్కన పెట్టి, ఇంకోటి తీసి ఇది తెలుగులో మొదలుపెట్టాను. మా క్లబ్బులో తెలుగు చదవగలిగినవాళ్లం ఇద్దరమే. ఒకణ్ణి నేను. ఈ గొడవంతా రెండో ఆయన గురించే.

ఆ మూడు సలహాలూ ముందు చెప్పేస్తాను. వాటిలో నా తప్పేమీ లేదు కనుక హాయిగా చెప్పగలను. తుపాకీ ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి, మీరే తెరిచి చూసుకోండి, మూతి ఎప్పుడూ గురిబోర్డు వైపే ఉండాలి. తూటా లేకుండా మీట నొక్కి సరదా పడకండి, ఈ చిన్న తూటాకి మందు అంచులో ఉంటుంది, కొట్టే సూది ఆ అంచు మీద పడుతుంది, మధ్యలో తూటా లేకపోతే అది నేరుగా ఇనుము మీదే పడి ఆ చోటు నొక్కుకుపోతుంది. ఇక తూటాల రకాలు. ఒక్కో తుపాకీకి ఒక్కోటి పడుతుంది. నాలుగు రకాలు కాల్చి చూసి, ఏది దగ్గర దగ్గరగా తగిలితే దానితోనే ఉండిపోండి.

నాలుగోది ఇది. గొట్టం శుభ్రం చేసేటప్పుడు వెనక నుంచే చెయ్యండి. మూతి వైపు నుంచి ఏదీ దూర్చకండి. గుండు గొట్టాన్ని వదిలే ముందు చివరిసారి తాకేది ఆ మూతి అంచునే. అక్కడ గోరంత గీత పడినా గుండు పక్కకి పోతుంది. కాల్చేవాడికి ఆ గీత కనపడదు. గుండు పోయిన చోటే కనపడుతుంది. అప్పుడు ఎవరిని అనుమానిస్తాడు? తనని తానే.

ఇది పుస్తకం చూసి రాసింది కాదు.

మా సింహాచలం మావయ్య మా అమ్మకి వరసకి తమ్ముడు. ఇన్సేన్‌లో రైలు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తన పేరున ఒక రైఫిలు రాయించుకోవడానికి పదకొండేళ్లు కాగితాలు పట్టుకుని తిరిగాడు. ఇంటికి తీసుకెళ్లడానికి లేదు, క్లబ్బు ఇనప బీరువాలోనే ఉండాలి. అయినా అది ఆయనది. ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి వచ్చి, పాత లుంగీ ముక్కతో దాన్ని తుడిచి, అయిదు గుళ్లు కాల్చి, మళ్లీ తుడిచేవాడు. ఆ అయిదూ ఒక పోకచెక్క కింద దాగిపోయేంత దగ్గరగా పడేవి. కాగితం విప్పి అందరికీ చూపించేవాడు. అడగనివాళ్లకి కూడా.

దసరాకి పనిముట్లకి పూజ చెయ్యడం మా ఇంటి అలవాటు. మా నాన్న రేవులో పనిచేసేటప్పుడు రెంచీలకీ గొలుసులకీ కూడా బొట్టు పెట్టేవాడు. నేను క్లబ్బులో చేరాక ఆ పూజ తుపాకుల గదిలోకి తెచ్చాను. ఊ టిన్ బౌద్ధుడు, కానీ దసరా నాడు పులిహోర కోసం అందరికంటే ముందు ఆకు పట్టుకుని నిలబడేది ఆయనే. మావయ్య తుపాకీకి అది మొదటి దసరా. ముందురోజే వచ్చి నన్ను హెచ్చరించి వెళ్లాడు.

"అల్లుడా, బొట్టు కర్ర మీద ఎట్టు. ఇనుము జోలికి ఎల్లకు. తెలిసిందేటి?"

తెలిసింది. తలూపాను కూడా. కానీ పొద్దున్నే వరసగా నిలబెట్టిన పదకొండు తుపాకులని చూస్తే నాకు పూనకం వచ్చినంత పనైంది. మూతులు పైకి, మెరుస్తూ, పెళ్లికి ముస్తాబైనట్టు ఉన్నాయి. మావయ్య తుపాకీ అన్నిటికంటే కొత్తది. దానికి మాత్రం ప్రత్యేకంగా ఏదైనా చెయ్యాలనిపించింది. మూతి చుట్టూ పసుపు ముద్ద రాశాను. గొట్టం మూతిలో ఒక బంతిపువ్వు గుచ్చాను. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, ఎంత బాగుందో అని మురిసిపోయాను కూడా. మెచ్చుకోలు కోసమే చేశాను, భక్తితో కాదు. ఇప్పుడు దాపరికం ఎందుకు?

మధ్యాహ్నం పువ్వు లాగితే పువ్వే వచ్చింది. కాడ లోపల విరిగిపోయింది. దాని చుట్టూ పసుపు గట్టిపడి కూర్చుంది. మావయ్య ఇంకో గంటలో వస్తాడు. వెనక నుంచి కడ్డీతో ఒక్కసారి నెడితే వచ్చేసేది. అది నాకు తెలియదా? నా ఉద్యోగమే అది. కానీ కాడ కొస మూతి దగ్గర కనపడుతోంది, కనపడినదాని వెంట పడ్డాను. విరిగిన గొడుగు చువ్వ ఒకటి దొరికితే కొస వంచి, మూతిలోంచి దూర్చి గుండ్రంగా తిప్పాను. కాడ వచ్చింది. దానితోపాటు అంచు మీద ఒక గీత కూడా వచ్చింది. అక్కడితో ఆగినా సగం తప్పే అయ్యేది. ఆ గీత కనపడకూడదని ఎమిరీ కాగితం తెచ్చి రుద్దాను. ఒకవైపు అరిగిపోయింది. పైన నూనె రాశాను. మావయ్య వచ్చి, కర్ర మీద బొట్టు చూసి, నా భుజం తట్టి పులిహోర తిన్నాడు.

తర్వాతి ఆదివారం ఆయన అయిదు గుళ్లూ అరచేతంత మేర చెదిరిపోయాయి. ఆ పైవారమూ అంతే. నెల తిరిగేసరికి మనిషి కాగితం విప్పి చూపించడం మానేశాడు. ఒకరోజు తుపాకీ నా ముందు బల్ల మీద పెట్టాడు.

"నువ్వు సూసి సెప్పు. తుపాకీ బాగున్నాదా?"

నేను తీసుకున్నాను. గొట్టంలోకి చూశాను. మూతి వైపు మాత్రం చూడలేదు. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు, ఆ కాస్త సేపట్లో నిజం చెప్పడానికి కనీసం నాలుగుసార్లు నోరు తెరిచి ఉంటాను, నాలుగుసార్లూ నీళ్లు నమిలాను.

"బాగుంది మావయ్యా."

"అయితే నా కళ్లేరా. వొగ్గీ."

అంతే. వదిలెయ్యమని అలిగి కాదు, నవ్వుతూనే అన్నాడు. నా మాట మీద ఆయనకి అంత నమ్మకం. తుపాకుల గదిలోవాడు బాగుందంటే బాగున్నట్టే.

ఇక మా మావయ్య కంటివైద్యం గురించి వినండి. పబేడాన్‌లో ఒక కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లాడు. కళ్లకేమీ కాలేదని వాళ్లంటే, సరిగ్గా చూడండని తగువేసుకుని, దాదాపు వట్టి అద్దాల్లాంటి కళ్లజోడు చేయించుకుని వచ్చాడు. చుట్ట మానేశాడు. రోజూ మునగాకు. కూరలో మునగాకు, పప్పులో మునగాకు, పొద్దున్నే చేపపులుసు సేమ్యా, అదే మొహింగా, తింటే దాని మీద కూడా మునగాకు. అత్తయ్య నాకు ఫోను చేసి, "మీ మావయ్య మేకైపోతన్నాడు, నువ్వైనా సెప్పు" అని మొరపెట్టుకుంది. నేనేం చెప్పను? పగలబడి నవ్వాను. ఫోను పెట్టేశాక నవ్వు ఆగిపోయింది.

ఆ ఏడు క్లబ్బుల పోటీకి నలుగురి జట్టులో ఆయన పేరుంది. తనంతట తానే తప్పుకుని, తన చోట నన్ను పెట్టమని ఊ టిన్‌తో వాదించి ఒప్పించాడు. మా జట్టుకి మూడో స్థానం వచ్చింది. తలా ఒక టీ ఫ్లాస్కు ఇచ్చారు. నాది ఈ రోజుకీ తుపాకుల గదిలో నా బల్ల మీదే ఉంది. మావయ్య వచ్చినప్పుడల్లా అందులోంచి టీ పోసుకుని, ఎవరు కనపడితే వాళ్లకి, "మా అల్లుడు గెలిసినాడు" అని చెప్తాడు. తొమ్మిదేళ్లుగా ఆ టీ నాకు దిగలేదు. సరే, దిగింది. కానీ దిగిన ప్రతిసారీ ఆయన మాట గుర్తొచ్చింది.

ఎందుకు చెప్పలేదు? ఎన్నో జవాబులు చెప్పుకున్నాను. మొదట ఉద్యోగం పోతుందని. తర్వాత, పూజ మాన్పించేస్తారని. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని. చివరికొచ్చేసరికి కారణాలన్నీ అరిగిపోయి అలవాటు ఒక్కటే మిగిలింది. ఇంకో మాట కూడా చెప్పుకునేవాణ్ణి. మావయ్య కాల్చడం మానేశాక కొత్తవాళ్లకి నేర్పడం మొదలుపెట్టాడు, అందరూ ఆయన్ని ఊలే అని, అంటే బాబాయీ అని, పిలుస్తూ చుట్టూ చేరతారు, సంతోషంగానే ఉన్నాడు కదా, నా తప్పు వల్ల మంచే జరిగింది కదా అని. కానీ కొత్తవాళ్లు కాలుస్తుంటే ఆయన కుడి చూపుడువేలు లుంగీ మీద మెల్లగా నొక్కుకుంటుంది. అది చూసిన రోజు ఈ సముదాయింపు పనిచెయ్యదు.

ఇన్నాళ్లూ ఆ తుపాకీ బీరువా అడుగున పడుకుంది. తాళం నాదే. నాతోపాటే మూలపడి ఉండేదేమో. కానీ ఈ నెల మావయ్య దాన్ని మా సూ అనే ఆవిడ పేరుకి మార్పించాడు. ఆ 'మా' మన 'మా' కాదు, బర్మీస్‌లో అక్క అన్నట్టు. పబేడాన్‌లో బట్టలు కుడుతుంది, ఈ ఏడే క్లబ్బులో చేరింది. మొన్న ఆదివారం దానితో మొదటిసారి అయిదు గుళ్లు కాల్చింది. అరచేతంత మేర చెదిరిపోయాయి. మళ్లీ కాల్చింది. అంతే. కాగితం చూసి ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఊలే, నా చూపు తగ్గిపోతున్నట్టుంది" అంది.

మావయ్య ముఖం వెలిగిపోయింది. పాపం, తోడు దొరికింది కదా. "నాకూ సరిగ్గా ఇలాగే మొదలైంది. బుధవారం నేనే తీసుకెళ్తాను" అని బర్మీస్‌లో ధైర్యం చెప్పాడు. సూదీ దారం మీద బతికే మనిషి. చూపు పోతే ఏం చేసుకు తింటుంది? వెళ్లబోతూ, తుపాకీ భుజంపట్టీ కుట్టు ఊడిందని చూసి, సంచీలోంచి సూది తీసింది. ఆ గది వెలుగు సంగతి నాకు తెలుసు, పగలు కూడా మసకే. దారాన్ని ఒక్కసారికే సూది బెజ్జంలోకి ఎక్కించింది, చూసీ చూడనట్టు. నేను చూశాను. ఆ పట్టీ కుట్టినంతసేపు నోరు మెదపకుండా నిలబడ్డాను, రెండోసారి.

అందరూ వెళ్లాక మూతి అంచుని భూతద్దంతో చూశాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి. ఒకవైపు అరుగుదల, పక్కనే గీత. గొట్టం కొసని కొద్దిగా కోసి అంచు సమంగా తీస్తే మళ్లీ కొత్తదానిలా కాలుస్తుంది. మంచి ఫిట్టరుకి పూట పని. ఈ ఊళ్లో అంత నాజూకుగా ఆ పని చెయ్యగల ఫిట్టరు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. ఆయనే నా బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతుంటాడు.

ఆ రోజు నేను ఒక్క మాట చెప్పి ఉంటే, ఆయనే తిట్టుకుంటూ తుపాకీ బాగుచేసుకుని, ఆ పై ఆదివారమే మళ్లీ పోకచెక్క కింద అయిదూ పెట్టేవాడు. అన్నిటికంటే అదే నాకు బాధ.

రేపు బుధవారం. మావయ్య ముందు క్లబ్బుకొచ్చి, టీ తాగి, మా సూని తీసుకుని కళ్లజోళ్ల దుకాణానికి బయల్దేరతాడు. ఈ కాగితం ఫ్లాస్కు కింద పెడతాను. బర్మీస్ కాగితంలో నాలుగో సలహా కింద అయిదోది కూడా రాశాను, పక్కనే పెడతాను: తుపాకీకి ఏదైనా అయితే, ఆ రోజే చెప్పండి. ఊ టిన్ దాన్ని గోడకి అంటిస్తాడు. దీన్ని మాత్రం ఒక్కరే చదవగలరు. ఆయనకి ఇప్పుడు డెబ్బై. ఇప్పుడైతే నిజంగానే కళ్లజోడు లేనిదే అక్షరం కనపడదు. జేబులు తడుముకుంటాడు, తీసి పెట్టుకుంటాడు, పెదాలు కదుపుతూ చదువుతాడు.

తర్వాత ఏమంటాడో నాకు తెలియదు. క్షమించమని అడగడానికి రాయలేదు, అడిగే ముఖం కూడా లేదు. కానీ విచిత్రం, ఈ వాక్యం దాకా వచ్చేసరికి తేలిగ్గా ఉంది, ఆకలి కూడా వేస్తోంది. ఇంతసేపు విన్నందుకు మీకు దండం. ఇక మిగిలిన రెండు మాటలూ మీతో కాదు.

తుపాకీ బాగోలేదు మావయ్యా. నీ కళ్లు బాగానే ఉండేవి.