బొంత కప్పిన ఇంజన్

నా మరిది డిగ్రీ సదివిండు. నేను యాభై దాటినంక రేషన్ దుకాణం అరుగు మీద కూసోని అ ఆలు దిద్దిన. గందుకే ఇంట్ల ఏ సంగతైనా ఆయన చెప్పాలె, మేం ఇనాలె. సదువుకున్నోళ్లల్ల సగం మంది పుస్తకం సగమే సదువుతరు, తక్కిన సగం నోటితోని నింపుతరు. మొన్నటి యాసంగిల మా పల్లి చేన్ల ఆ సంగతి కండ్లార సూసిన.

అమరచింత అవతల మాది ఎర్రచెల్క. నాలుగు దినాలు నీళ్లు లేకపోతే పెంకు తీరుగ అయితది. సరిగ్గ పల్లి గింజ పట్టే యాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపాయె. బాయిల నీళ్లున్నయి, మోటరుకు కరెంటు లేదు. ఆ ఒక్క తడి అందకుంటే పైకి కాయ కాయ తీరుగనే ఉంటది, లోపల గింజ ఉండదు. కొట్టంల మూలకు పడున్న పాత డీజిల్ ఇంజన్‌ను బాయి కాడికి గుంజుకొచ్చి, తుడిచి, హాండిల్ కొట్టిన. నా పెనిమిటి ఉన్నన్నొద్దులు గుడ దాన్ని నడిపింది నేనే. సాయంత్రానికి కింది మడి తడిసింది. మీది మడి తెల్లారి అనుకున్నం.

ఈ ఇంజన్‌కు ఒక పద్ధతున్నది. తోడిన నీళ్లల్ల కొన్ని సన్నపు పైపుల నుంచి దాని ఒంటి చుట్టు తిరిగి, వేడెక్కి, కాలువల పడుతయి. మా మరిది ఆ నీళ్ల కింద చెయ్యి పెట్టి, శానసేపు ఆలోచన చేసి, "వదినా, గివి నీళ్లు కావు, మన డీజిల్ పోతున్నది" అన్నడు. ఆయన సదువుల ఉత్క్రమణీయ ప్రక్రియ అని ఒకటున్నదట. అంటే వచ్చిన తొవ్వల్నే ఎనక్కి పోగలిగే పని. పోయే వేడిని మల్ల ఇంజన్‌లకే మలిపితే చుక్క డీజిల్ దండుగ కాదు, నూటికి నూరు పాళ్లు పనే అయితదని చెప్పుకొచ్చిండు. దాని జోలికి పోకు అన్న. నా మాట ఎవరింటరు.

తెల్లారి నేను డబ్బా పట్టుకొని డీజిల్‌కు అమరచింత పోయిన. తిరిగొచ్చేసరికి ఇంజన్ సప్పుడు లేదు. మా మరిది వేడినీళ్ల పైపును ఒక డ్రమ్ముల పెట్టి, ఆ నీళ్లనే మల్ల ఇంజన్‌కు తిప్పిండు. అది చాలదన్నట్టు, వేడి బయటికి పోవద్దని డ్రమ్ముకు గోనె సంచులు చుట్టి, ఇంజన్ మీద మా అత్త కుట్టిన బొంత కప్పిండు, సలిజరం వచ్చినోనికి కప్పినట్టు. నీళ్లు సలసల మసిలి, లోపల పిస్టన్ పట్టేసింది. హాండిల్ పట్టుకొని ఏలాడినా కదల్లే.

"ఏంది మరిదీ, ఉడికిందా?" అన్న.

"లెక్క ప్రకారమైతే నడవాలె వదినా."

"లెక్కకు చెమట పట్టదు. ఇంజన్‌కు పడతది."

వనపర్తి నుంచి మెకానిక్ వచ్చి దాన్ని ట్రాలీల ఏసుకపోయిండు. వారమైనా పడతదన్నడు. చేసే పని లేక, నా బిడ్డ ఇంటర్ల సదివి అటక మీద పడేసిన భౌతికశాస్త్రం పుస్తకం దించిన. వేలు పెట్టి ఒక్కొక్క మాట కూడబలుక్కుంట రెండు దినాలు సదివిన. ఉష్ణయంత్రం వేడి చోట వేడి తీసుకుంటది, కొంత పని చేస్తది, తక్కినది చల్ల చోట పారెయ్యాల్సిందే. పారేసే జాగ లేకుంటే నడకే లేదు. ఆ రెండు చోట్ల నడుమ వేడిల తేడా ఎంతుంటే దక్షత, అంటే వేడిల పనయ్యే పాలు, అంత పెరుగుతది. మావోడు ఆ చల్ల చోటునే బొంతేసి మూసిండు. ఉత్క్రమణీయం ముచ్చట గుడ ఉన్నది. రాపిడి అసలే ఉండొద్దు, ఎన్నటికీ ఒడువనంత నిదానంగ నడవాలె. అసుంటిది ఊహల్నే తప్ప బయట దొరకదని ఆ పక్క లైన్లనే రాసున్నది. దొరికినా నూటికి నూరు రాదని గుడ రాసున్నది. మా మరిది ఏ పేజీ కాడ నిద్రపోయిండో.

ఆయనను కూసోబెట్టి సదివి ఇనిపించిన. కాలువల పడి చల్లారిన నీళ్లల్ల నుంచి వేడిని ఏరుకొని రమ్మన్న. పళ్లెంల చల్లారిన జొన్నరొట్టె పెట్టి, గాలిల కలిసిన దాని వేడిని మల్ల రొట్టెకు ఎక్కించి తినమన్న. చల్లటి రొట్టె తిని లేచిపోయిండు.

ఆరో దినానికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. అప్పటికి మీది మడి ఆకు ముడుసుకున్నది. నీళ్లు పెడితే ఆకైతే లేచింది.

పల్లి పీకిన నాడు కింది మడి కూలోళ్లకు ఒప్పజెప్పి, మీది మడి చెట్లన్ని మా మరిది ముంగట కుప్ప పోయించిన. నువ్వే తెంపు అన్న. వానలు సరిగ్గ లేవు వదినా అనుకుంట కూసున్నడు. బాయి నీళ్ల మీదనే పండే యాసంగిల వానల ఊసెత్తినోన్ని ఆయన్నొక్కన్నే సూసిన. ఒక కాయ ఒలిచిండు, ఉత్తది. ఇంకోటి ఒలిస్తే లోపల సన్నపు పొర ముడుసుకొని ఉన్నది. మూడోదాన్ని వేళ్లతోని ఒత్తి సూసి, ఒలవకుంటనే కుప్పల ఏసిండు.