బాబాయి అడిగిన గోడ

వరదలో ఇళ్లు పోయినవాళ్లందరికీ కలిపి ఒకే పెద్ద ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే అందరికంటే ముందు అక్కడ తేలేది అనుమానం బాబాయి. వరద వదిలిన ఒండ్రుతో చేసిన ఇటుకని వాసన చూస్తాడు, గోరుతో గీకుతాడు. కొత్త కిటికీలో తల పెట్టి, ఎవరి గది ఎవరికి కనిపిస్తుందో చూసుకుంటాడు. ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మెలిక ఉండి తీరాలి. ఉమ్మడి వంటగదిలోకి ఆయన గది నుంచి తలుపు పెడతామంటే ససేమిరా అన్నాడు.

"అది దొంగని పిలిచి పీట వేసినట్టే అమ్మాయ్. గోడ కట్టించు."

"అందరికీ తలుపే బాబాయ్. మీ ఒక్కరికే గోడా?" అంది ఇల్లు గీసిన ఇంజనీరమ్మ.

"నా నీడనే నేను నమ్మను. నీ గీతల్ని నమ్ముతానా?"

గోడే కట్టారు. అది ఆరాక బాబాయి వచ్చి వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించాడు. "ఇటు కొడితే అటు వినపడుతుందా?" అన్నాడు మెల్లిగా. వరదప్పుడు ఆయన అటకెక్కి తెల్లవార్లూ గోడ బాదాడు. పక్కింటివాళ్లు విని కూడా రాలేదని ఇప్పటికీ ఆయన అనుమానం. ఇంజనీరమ్మ వంటగదిలోకి వెళ్లి, అటు నుంచి తట్టింది.

"ఎవరది?" అన్నాడు బాబాయి కటువుగా. చెవి మాత్రం గోడ మీంచి తియ్యలేదు.