దొర సీసాకు బెజ్జం పొడిచింది ఎవరు

మా బావ పోయాడు. మా అక్క భర్త, చాలా ఏళ్ళు రోడ్డు బంగళాలో వంట చేసినాయన. సోమవారం పొద్దున చాయ్ సగం తాగి, ‘జర నడుం వాలుస్త’ అని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. జహీరాబాదులో ఆయన్ను ఇప్పటికీ ‘దొర సారా పులియబెట్టినాయన’ అంటారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఆ తప్పు ఆయనది కాదు. ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.

లడాయికి ముందు చిరాగ్‌పల్లి దిక్కు తారురోడ్డు వేయించడానికి ఒక ఇటలీ దొర వచ్చాడు. బావ ఆయనకు వండేవాడు. దొర దగ్గర ఒక ద్రాక్షసారా సీసా ఉండేది, తన పెళ్ళయిన ఏడు పండిన ద్రాక్షది. వాళ్ళది పీడ్‌మాంట్ సీమ, బరోలో అనే ఊరు. కోతల వేళకు అక్కడి కొండల మీద పొగమంచు దిగి, మధ్యాహ్నం దాకా తోటలే కనబడవట. ఆ సారా కొత్తలో పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుందట. (వగరంటే కోహీరు జామపిందెల సంగతీ చెప్పాలి గానీ, మా అక్క ఇప్పటికే విసుక్కుంటోంది.) ఏళ్ళు గడిచేకొద్దీ వగరు మెత్తబడి, రంగు అంచున ఇటుకలా మారి, ఎండిన గులాబీలూ తారూ కలిసిన వాసన వస్తుందట.

“తారు వాసన సారానా!” అని నేను పగలబడి నవ్వాను.

“నవ్వకు బామ్మర్దీ. పొద్దంత తారు కాడ నిలబడుతడు గద, గా వాసనకే ఆయనకు ఇల్లు యాదికొస్తది,” అన్నాడు బావ.

ఇటలీ కూడా ఇంగ్లీషువాళ్ళ మీద లడాయిలో దిగగానే దొరను ఖైదీల క్యాంపుకు తీసుకుపోయారు. పోతూ సీసాను బావ చేతిలో పెట్టాడు. పడుకోబెట్టాలి, చీకట్లో ఉంచాలి, తానొచ్చేదాకా తెరవకూడదు. బావ మాటిచ్చి, దానికి గడ్డి చుట్టి, జొన్నల పాతరలో నేల లోపలి చల్లదనంలో దాచాడు.

ఇక నా తెలివి. నాకు నేనే చదువుకున్న మనిషిని, తెలియదన్న మాట నోట రాదు. ఒక ఎండాకాలం పాతర తీసినప్పుడు అడిగాను.

“బావా, కల్లు కుండ మూతి బిగిస్తే ఏమైతది?”

“పగుల్తది.”

“మరి ఇది పగలదా? జర ఊపిరాడనియ్యాలె.”

“తెరవొద్దన్నడు గద.”

“తెరుస్తలేం. సూదంత బెజ్జం, గంతే.”

దబ్బనం కాల్చి బిరడాలో పొడిచింది నేను.

లడాయి అయిపోయాక దొర వచ్చాడు. బక్కచిక్కి ఉన్నాడు, ఇంటికి పోయే ఓడ ఎక్కడానికి బొంబాయి పోతున్నాడు. బిరడా తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. దొర బెజ్జాన్ని చూశాడు, తర్వాత బావను చూశాడు. నేను నేల చూశాను.

“నేనే పొడిచిన దొరా. కల్లు లెక్కనే అనుకున్న. మాట తప్పిన,” అన్నాడు బావ.

దొర గ్లాసును వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు. అంచున ఇటుక రంగు మాత్రం వచ్చింది. చివరికి వచ్చీరాని ఉర్దూలో, ఉల్లిగడ్డలు కోసుకు రమ్మన్నాడు. పులిసిన సారాను వాళ్ళమ్మ ఎన్నడూ పారబోసేది కాదట, సిర్కాలా ఉల్లిముక్కల మీద పోసేదట.

వంటింట్లో బావ చెయ్యి పట్టుకున్నాను. “నేను చెప్త బావా.”

“నోర్ముయ్యి. సీసా ఇచ్చింది నాకు, నీకు కాదు. ఉల్లిగడ్డ కొయ్యి.”

ఆ పులుపును దొర తన చేత్తోనే ముక్కల మీద పోశాడు. ఇద్దరూ తినసాగారు. నాకు చెయ్యి చాపబుద్ధి కాలేదు. బావ ఎర్రబడిన ముక్కలు నాలుగు జొన్నరొట్టెలో చుట్టి, దొర చూస్తుండగానే నా చేతిలో పెట్టాడు.