ముడతల గుండు

తొంభైల మొదట్లో, మేం దేశం దాటి వలస వెళ్ళిన వెర్రిబీ అనే ఊళ్ళో మా పక్కింటి అంకుల్ షిఫ్ట్ దిగి రాగానే గరాజ్‌లో సీసం కరిగించేవారు. కుందేళ్ళను కొట్టే ఆయన పెద్ద గొట్టం ఎయిర్‌గన్‌కి, తాతగారి నాటు తుపాకీ గుండ్ల అచ్చు సరిగ్గా సరిపోయిందట. చల్లటి అచ్చులోంచి మొదటి గుండు ఎప్పుడూ ముడతలు పడి వచ్చేది. దాన్ని మళ్ళీ సీసంలోకి జారవిడిచి, "అచ్చింకా వేడెక్కలేదమ్మా, గుండు తప్పేం లేదు" అనేవారు, ఎవరో దాన్ని తిట్టినట్టు.

ఒక మధ్యాహ్నం ఉద్యోగం ఇంటర్వ్యూ నుంచి నేరుగా ఆ గరాజ్‌కే వెళ్ళాను.

"నా ఇంగ్లీష్ వాళ్ళకి అర్థం కాలేదంట అంకుల్" అన్నాను.

ఆయన తలెత్తలేదు. గిన్నెలో ముడతల గుండు పూర్తిగా కరిగేదాకా చూసి, "ఈ ఊరింకా వేడెక్కలేదమ్మా" అన్నారు.

మిగతా సగం ఆయన అనలేదు. నాలో నేనే అనుకుంటూ ఇంటికొచ్చాను.